దురద ఆగితే తామర తగ్గినట్టు కాదు

తామర దురద జబ్బు, కాబట్టి దురద పోతే జబ్బు పోయినట్టే అన్న నమ్మకం తెలుగు ఇళ్లలో బాగా పాతుకుపోయింది. ఎంత త్వరగా దురద ఆపితే అంత మంచి మందు. ఈ లెక్కతోనే మెడికల్ షాపుకు వెళ్లి "దురదకు ట్యూబు" అడుగుతారు. ఈ లెక్కతోనే షాపువాళ్లు ఇస్తారు. బాగా పనిచేసిందంటూ బంధువులకు ఆ ట్యూబు పేరు చెప్పేదీ ఈ లెక్కతోనే. నాలుగు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది, రాత్రి నిద్ర పడుతుంది. నెల తిరిగేసరికి అదే చోట, ఈసారి ఇంకాస్త వెడల్పుగా, మళ్లీ లేస్తుంది. అయినా ట్యూబును ఎవరూ అనుమానించరు. తమ ఒంటి తత్వమే అంత అనుకుని ఇంకో ట్యూబు కొంటారు.

ఈ నమ్మకం తప్పు. దేశమంతటా తామర మొండికెత్తడానికి ఉన్న కారణాల్లో ముందు చెప్పుకోవలసిన వాటిలో ఇదొకటి. వడోదర వైద్యుడు శ్యామ్ వర్మ, చెన్నై వైద్యురాలు ఆర్. మధు 2017లో ఇండియన్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో రాసిన వ్యాసంలో ఈ పరిస్థితిని మహమ్మారిగానే లెక్కగట్టారు. ఒకప్పుడు రెండు మూడు వారాల పూతమందుకు లొంగిన జబ్బు ఇప్పుడు నెలల తరబడి, కొందరిలో ఏళ్ల తరబడి వదలడం లేదు. గజ్జల్లో మొదలై నడుముకు, వీపుకు, ముఖానికి పాకుతోంది. ఒకరితో ఆగకుండా ఇంటిల్లిపాదికీ అంటుకుంటోంది.

అసలు దురద ఎందుకు పుడుతుందో చూస్తే ఈ నమ్మకం ఎక్కడ దారి తప్పిందో తెలుస్తుంది. తామరకు కారణం ఫంగస్. అది చర్మం పైపొరలో, చనిపోయిన కణాల మధ్య బతుకుతుంది. ఆ కణాల్లోని కెరాటిన్ అనే మాంసకృత్తు దాని ఆహారం. వెంట్రుకలు, గోళ్లు కూడా కెరాటిన్‌తోనే తయారవుతాయి కాబట్టి అక్కడికీ చేరుతుంది. లోపలి కండలోకి, రక్తంలోకి మామూలుగా దిగదు. అది వదిలే పదార్థాలను శరీర రక్షణ వ్యవస్థ పసిగట్టి తెల్లకణాలను అక్కడికి పంపుతుంది. రక్తనాళాలు వెడల్పవుతాయి. ఎర్రదనం, వాపు, దురద అన్నీ ఆ పోరాటం వల్ల వచ్చేవే. పోరాటం సాగిన మధ్యభాగంలో ఫంగస్ వెనక్కి తగ్గి, కొత్త చర్మం దొరికే అంచు వైపు జరుగుతుంది. మధ్యలో మామూలుగా, చుట్టూ ఎర్రటి గట్టులా కనిపించే గుండ్రటి మచ్చ అలాగే తయారవుతుంది. శరీరం ఎదురు తిరుగుతోందని మాత్రమే దురద చెబుతుంది. ఫంగస్ ఎంత మిగిలిందో దాన్నిబట్టి తెలియదు.

షాపులో చేతికొచ్చే ట్యూబు ఈ ఎదురుదాడినే అణచేస్తుంది. ఇలాంటి చాలా ట్యూబుల్లో ఫంగస్ మందు ఒకటి, బ్యాక్టీరియాకు యాంటీబయాటిక్ ఒకటి, వీటితోపాటు ఒక స్టెరాయిడ్ కలిసి ఉంటాయి. ఆ స్టెరాయిడ్ చాలాసార్లు క్లోబెటసాల్. చర్మం మీద రాసే స్టెరాయిడ్లలో అత్యంత బలమైన తరగతికి చెందినది. దురద మంత్రించినట్టు మాయం కావడం దాని పనే. దొంగను చూసి మొరుగుతున్న కుక్క మూతి కట్టేసి, మొరుగుడు వినబడటం లేదు కాబట్టి దొంగ వెళ్లిపోయాడని నిద్రపోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. రక్షణ వ్యవస్థ చేతులు ముడుచుకున్నాక ఫంగస్‌కు అడ్డు చెప్పేవాళ్లుండరు. కలిపిన ఫంగస్ మందు ఉంది కదా అని వాదించేవాళ్లున్నారు. నాలుగు రోజులు రాసి ఆపేసే ట్యూబులోని ఆ మందు ఫంగస్‌ను చంపడానికి చాలదు. చావని ఫంగస్‌కు ఆ మందును తట్టుకోవడం అలవాటు చేయడానికి మాత్రం సరిపోతుంది.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. స్టెరాయిడ్ పూసిన తామర తన ఆకారాన్నే పోగొట్టుకుని, వైద్యులు కూడా గుర్తుపట్టలేని వేషంలోకి మారుతుందని బ్రిటన్ వైద్యులు ఐవ్, మార్క్స్ 1968లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. టీనియా ఇన్‌కాగ్నిటో అని దానికి పేరు పెట్టారు. అంచు చెదిరిపోతుంది, పొలుసు పోతుంది, మధ్యలో చిన్న చిన్న పొక్కులు లేస్తాయి. ఇప్పుడు మన ఆసుపత్రుల్లో ఒక వలయంలో ఇంకో వలయం, దానిలో మరొకటిగా విస్తరించిన తామర తరచుగా కనిపిస్తోంది. రాసినప్పుడు అణిగి, ఆపినప్పుడు లేచి, మళ్లీ రాస్తే మళ్లీ అణిగిన చరిత్ర అంతా ఆ వలయాల్లో కనిపిస్తుంది. తొడల మీద, గజ్జల్లో చర్మం పలచబడి, గర్భిణుల పొట్ట మీద వచ్చేలాంటి చారలు పడతాయి. ఆ చారలు జీవితాంతం పోవు. పదహారేళ్ల పిల్లల తొడల మీద అవి కనిపిస్తున్నాయంటే కోపం రాకుండా ఎలా ఉంటుంది? క్లోబెటసాల్‌ను వరుసగా రెండు వారాలకు మించి వాడొద్దనీ, ముఖం మీద, చంకల్లో, గజ్జల్లో రాయొద్దనీ ఆ మందు వాడకం సూచనల్లోనే ఉంది. మన దగ్గర ఎక్కువగా రాసేది సరిగ్గా ఆ చోట్లనే.

ఇక్కడ ఎదుటివాదం ఒకటి బలంగా వస్తుంది. స్పెషలిస్టు రాసిచ్చిన మందు నెల వాడినా తగ్గలేదు, షాపు ట్యూబు నాలుగు రోజుల్లో తగ్గించింది, మరి ఏది మంచి మందు? అనుభవంలోంచి వచ్చిన ప్రశ్న కాబట్టి దీన్ని తీసిపారేయకూడదు. వారణాసిలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయ వైద్యులు చేసిన పరీక్ష ఒకటి దీనికి సూటిగా జవాబు చెబుతుంది. ఒంటి మీద, గజ్జల్లో, ముఖం మీద తామర ఉన్న 200 మందిని యాభై మంది చొప్పున నాలుగు జట్లు చేశారు. ఒక్కో జట్టుకు ఒక్కో నోటిమాత్ర ఇచ్చారు: ఫ్లూకోనజోల్, గ్రిసియోఫల్విన్, ఇట్రాకోనజోల్, టర్బినాఫిన్. ఫలితాలు 2020లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో వచ్చాయి. నాలుగు వారాలు గడిచేసరికి ఏ జట్టులోనూ నయమైనవాళ్లు నూటికి ఎనిమిది మందిని మించలేదు. ఎనిమిది వారాలకు ఇట్రాకోనజోల్ జట్టులో నూటికి 66 మంది, ఫ్లూకోనజోల్ జట్టులో 42, టర్బినాఫిన్ జట్టులో 28, గ్రిసియోఫల్విన్ జట్టులో 14 మంది నయమయ్యారు.

ఈ అంకెల ముందు కాసేపు నిలబడాలి. క్రమం తప్పకుండా మాత్రలు మింగినవాళ్లలో కూడా నెలకు నయమైనవాళ్లు పదిమందికి ఒకరు లేరు. అదే మాత్రలను మరో నెల కొనసాగిస్తే ఒక జట్టులో మూడింట రెండు వంతుల మంది బయటపడ్డారు. "నెల వాడాను, తగ్గలేదు" అని మందు మానేసినవాళ్లు నయమయ్యే దారిలో సగం దూరం వచ్చి వెనక్కి తిరిగినవాళ్లన్నమాట. నాలుగు రోజుల్లో తగ్గించానని చెప్పే ట్యూబు తగ్గించింది దురదనే. పైపొర చర్మం పూర్తిగా రాలి కొత్తది రావడానికే సుమారు నెల పడుతుంది. ఫంగస్ చొరబడిన పొర మొత్తం రాలిపోయేదాకా మందు అక్కడ ఉండితీరాలి. దీనికి అడ్డదారి లేదు.

మరి ఎనిమిది వారాలకూ నయం కాని మూడో వంతు సంగతేమిటి? ఇక్కడే రెండో అపోహ పుడుతుంది: ఇప్పటి తామరకు మందే లేదు, ఏం వాడినా ఒకటే. ఇందులో సగం నిజముంది. ఆ సగాన్ని దాచిపెట్టకూడదు. మన దేశంలో ఒకప్పుడు ఎక్కువగా కనిపించిన ఫంగస్ ట్రైకోఫైటాన్ రూబ్రమ్. గత పదేళ్లలో దాని స్థానాన్ని వేరొకటి ఆక్రమించింది. జపాన్‌లో ఉంటున్న నేపాలీ, భారతీయ రోగుల చర్మం నుంచి దాన్ని వేరుచేసి అక్కడి పరిశోధకులు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. టర్బినాఫిన్ ఏ ఎంజైమును పట్టుకుని ఫంగస్‌ను చంపుతుందో ఆ ఎంజైమును తయారుచేసే జన్యువే చాలా నమూనాల్లో మారిపోయింది. మందుకు పట్టు దొరకదు. ఈ ఫంగస్ ఇక్కడితో ఆగలేదు. న్యూయార్క్‌లో ఇద్దరు మహిళల్లో దీన్ని కనుగొన్నట్టు 2023 మేలో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ప్రకటించింది. ఒకామెకు బంగ్లాదేశ్‌లో మొదలైంది. ఇంకొకామె విదేశం వెళ్లనే లేదు, అక్కడే అంటుకుంది. టర్బినాఫిన్‌కు తగ్గని ఆమె జబ్బు నాలుగు వారాల ఇట్రాకోనజోల్‌తో తగ్గింది.

ఒక మందుకు లొంగని ఫంగస్ ఇంకో మందుకు లొంగుతోంది. ఏ మందో, ఎంత మోతాదులో, ఎన్ని వారాలో తేల్చేది చర్మవైద్యులు. అందుకే స్పెషలిస్టు అవసరం ఇప్పుడు మునుపటికంటే ఎక్కువైంది. మందు పనిచేయలేదని చెప్పేముందు అది ఒంటికి పట్టిందా అన్నది కూడా చూడాలి. ఇట్రాకోనజోల్ క్యాప్సూలు సరిగ్గా ఒంటికి పట్టాలంటే కడుపు నిండా భోజనం ఉండాలి, కడుపులో ఆమ్లం ఉండాలి. మన ఇళ్లలో ఎందరో పొద్దున్నే పరగడుపున గ్యాస్ టాబ్లెట్ మింగుతారు. ఆ టాబ్లెట్ ఆమ్లాన్ని తగ్గించి ఈ క్యాప్సూలు ఒంటికి పట్టకుండా చేస్తుంది. డాక్టరు అడగరు, రోగి చెప్పరు, నింద మాత్రం మందు మీద పడుతుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఈ మందు ప్రమాదకరం. కొలెస్ట్రాల్ తగ్గించే కొన్ని మాత్రలతో దీనికి పొసగదు. పక్కింటాయనకు పనిచేసిందని అదే స్ట్రిప్పు తెచ్చుకోవడం ఎందుకు తప్పో వేరే చెప్పక్కర్లేదు.

రక్తం చెడిపోవడం వల్ల తామర వస్తుందనీ, వంకాయ, గోంగూర, చేపలు మానేస్తే పోతుందనీ చెప్పే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ఫంగస్ ఉండేది రక్తంలో కాదని పైన చెప్పుకున్నాం. కూర మానేస్తే దానికి తిండి ఆగదు, దాని తిండి చర్మంలోనే ఉంది. వెల్లుల్లి నూరి పట్టువేసి చర్మం కాల్చుకున్నవాళ్లున్నారు. ఆ పుండు మీద మళ్లీ ట్యూబు.

మురికిగా ఉండేవాళ్లకే తామర వస్తుందన్న మాట వీటన్నిటికంటే ఎక్కువ కీడు చేస్తోంది. ఫంగస్‌కు కావలసింది తడి, వేడి, రాపిడి. రోజంతా పొయ్యి ముందు నిలబడే వంటమాస్టరు, మందపాటి యూనిఫాం వేసుకుని ఎండలో నిలబడే సెక్యూరిటీ గార్డు, బిగుతు జీన్సుతో పన్నెండు గంటలు బండి మీద తిరిగే డెలివరీ కుర్రాడు, నాట్ల కాలంలో తడిచీరతో పొద్దంతా వంగి ఉండే కూలి తల్లి రోజుకు రెండుసార్లు స్నానం చేసినా వాళ్లకు ముప్పు తగ్గదు. కోస్తా జిల్లాల ఉక్కపోత సంగతి అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. మురికి అన్న ముద్ర వేశాక వీళ్లెవరూ గజ్జల్లో జబ్బును డాక్టరుకు చూపించరు. ఆడవాళ్లు భర్తకు కూడా చెప్పరు. షాపులో గొంతు తగ్గించి ట్యూబు అడుగుతారు. ఆ సిగ్గే స్టెరాయిడ్ ట్యూబును అమ్మిపెడుతోంది.

డబ్బు సంగతి ఎత్తకుండా ఈ వాదన ముగించడం అన్యాయం. ట్యూబు ధర తక్కువ, స్పెషలిస్టు ఫీజు దానికి కొన్ని రెట్లు. పైగా ఆ రోజు కూలి పోతుంది. పేదవాళ్లు షాపుకే వెళ్తారు, వాళ్లను తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కానీ లెక్క చివరిదాకా వేయాలి. ఏడాదికి పది ట్యూబులు, వాటి వెంట దురద మాత్రలు, ఆర్‌ఎంపీ వేసిన ఇంజెక్షన్లు, ఆ తర్వాత అదే జబ్బు భార్యకు, పిల్లలకు. అంతా కలిపితే చవకైన దారి ఏదో తెలుస్తుంది. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, విశాఖలో కేజీహెచ్, గుంటూరు, కర్నూలు ప్రభుత్వాసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలున్నాయి. అక్కడ ఫీజు అడగరు.

అసలు తప్పు అమ్మకాల దగ్గర ఉంది. మందుల నిబంధనల్లోని షెడ్యూల్ హెచ్‌లో చేర్చిన వాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. పైపూతలకు మాత్రం చాలాకాలం మినహాయింపు నడిచింది. చర్మవైద్యులు ఏళ్ల తరబడి పోరాడాక 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతలకు ఆ మినహాయింపు తీసేసింది. అదే ఏడాది సెప్టెంబరులో 328 రకాల మిశ్రమ మందులను నిషేధించింది. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలిపిన పూతలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఒక మిశ్రమం నిషేధిస్తే అందులో ఒక మందు మార్చి ఇంకో మిశ్రమం వస్తోంది. చీటీ అడిగే షాపులు ఎన్నో వీధిలోకి వెళ్లి చూస్తే చాలు.

ఒకప్పుడు ఈ జబ్బుకు నిజంగానే సరైన మందు లేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పారిస్ వైద్యుడు సబురో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో, తలలో తామర ఉన్న పిల్లలకు ఎక్స్‌రేలు కొట్టి జుట్టు రాలగొట్టేవాళ్లు. 1950లలో ఇజ్రాయెల్‌కు వలస వచ్చిన వేలాది పిల్లలకు అలాగే చేశారు. పెద్దయ్యాక వాళ్లలో మెదడు కణుతులు, థైరాయిడ్ క్యాన్సర్లు ఎక్కువగా బయటపడ్డాయి. 1994లో ఆ దేశం వాళ్లకు పరిహారం ఇవ్వడానికి చట్టమే చేయాల్సి వచ్చింది. గ్రిసియోఫల్విన్ మాత్ర తామరను నయం చేస్తుందని 1958లో తేలాక ఆ హింస ఆగింది. మందు లేక ఆ పిల్లలు బలయ్యారు. మందులున్న కాలంలో పుట్టి వాటిని పనికిరాకుండా చేసుకుంటున్న మనం ఏ సాకు చెప్పుకోగలం?

నయం కావడమంటే ఏమిటో ఇప్పుడు చెప్పుకోవచ్చు. స్టెరాయిడ్ లేని పూతమందును మచ్చ మీదే కాక అంచు దాటి రెండు సెంటీమీటర్ల వరకు రాయాలి. కంటికి మచ్చ కనిపించకుండా పోయాక కూడా కనీసం రెండు వారాలు ఆపకూడదు. మాత్రలు డాక్టరు చెప్పినన్నాళ్లూ వాడాలి. ఇంట్లో ఇంకెవరికి ఉన్నా అందరికీ ఒకేసారి వైద్యం జరగాలి. లేకపోతే ఒకరు మానేలోపు ఇంకొకరి నుంచి తిరిగి అంటుకుంటుంది. తువ్వాలు, లోదుస్తులు, దుప్పట్లు ఎవరివి వారికి వేరుగా ఉండాలి. రాలిన చర్మపు పొలుసుల్లో ఫంగస్ నెలల తరబడి బతికి ఉండగలదు. 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికితే చస్తుంది. నడుము మొలతాడు కింద, బిగుతు ఎలాస్టిక్ కింద చెమట నిలవకూడదు. స్టెరాయిడ్ ట్యూబు ఆపిన తొలి వారాల్లో దురద మునుపటికంటే ఎక్కువవుతుంది. అణచిపెట్టిన రక్షణ వ్యవస్థ మళ్లీ లేవడమే దానికి కారణం. చాలామంది సరిగ్గా అక్కడే ఓడిపోయి పాత ట్యూబు అందుకుంటారు. ఆ వారాల గురించి రోగికి ముందే చెప్పని వైద్యం సగం వైద్యమే.

తామర చచ్చాక ఆ చోట నల్లటి మచ్చ మిగులుతుంది. మన చామనఛాయ చర్మాల్లో అది నెలల తరబడి ఉంటుంది, తర్వాత దానంతటదే పలచబడుతుంది. అది జబ్బు కాదు. దురద పోయిందని ముందుగా మందు ఆపేసినవాళ్లే, మచ్చ పోలేదని ఇంకో ట్యూబు కొనడం కూడా జరుగుతోంది. రెండు సందర్భాల్లోనూ నిర్ణయం కంటిది, చేతిది. ఫంగస్ ఉందా లేదా అని ఎవరూ చూడలేదు.

అది చూడటం కష్టం కాదు. అంచు దగ్గర పొలుసు గీకి స్లైడు మీద వేసి, ఒక చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపి మైక్రోస్కోపు కింద పెడితే ఫంగస్ పోగులు కనిపిస్తాయి. ఒకసారి కనిపించకపోయినా అనుమానం ఉంటే మళ్లీ గీకుతారు. మలేరియా రక్తపూతలు, క్షయ కళ్లె పరీక్షలు చేసే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మైక్రోస్కోపు ఉంది, దాన్ని చూడటం తెలిసిన ల్యాబ్ టెక్నీషియన్ ఉన్నారు. ఆ బల్ల మీద పొటాషియం హైడ్రాక్సైడ్ సీసా ఒకటి పెట్టించి, తామర అని వచ్చిన ప్రతి ఒక్కరికీ మందు మొదలుపెట్టేముందు ఒకసారి, ఆపేముందు ఒకసారి ఈ పరీక్ష చేయించాలని రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్యశాఖలు ఉత్తర్వు ఇవ్వాలి. షాపుల్లో చీటీ అడుగుతున్నారో లేదో చూడటానికి డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు మామూలు దుస్తుల్లో వెళ్లి ఒక్క ట్యూబు అడిగి చూడాలి.